‘సీడీ1ఏ పాజిటివ్’ అంటే క్యాన్సరేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయన ఆరేళ్లుగా సౌదీలో, అల్ అహ్సా దగ్గర ఖర్జూరం తోటలో పనిచేస్తున్నారు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చారు. వచ్చేటప్పటికే ఎడమ ముంజేతి మీద ఒక పుండు, పిక్క మీద రెండు ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు, కానీ మానవు. పైన పక్కు కడుతుంది, ఊడుతుంది, మళ్లీ కడుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు రెండు కోర్సులు యాంటీబయోటిక్ వాడించాడు, తగ్గలేదు. షుగర్ పుండేమోనని పరీక్ష చేయిస్తే షుగర్ లేదన్నారు. కరీంనగర్‌లో చర్మం డాక్టరు గారు ముక్క తీసి పంపారు. రిపోర్టులో ‘గ్రాన్యులోమా, సీడీ1ఏ పాజిటివ్, లీష్మానియాసిస్‌కు సరిపోతోంది’ అని రాశారు. మా మరిది ఫోన్లో సీడీ1ఏ అని కొట్టి చూస్తే లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అని క్యాన్సర్ లాంటి జబ్బేదో వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. అసలు ఆయనకేమైంది? పిల్లల్ని దగ్గర పడుకోబెట్టుకోవచ్చా? రిపోర్టు కాపీ జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, ముందు అన్నం తినండి. పిల్లల్ని ఆయన పక్కన పడుకోబెట్టండి. ఇది క్యాన్సర్ కాదు, రిపోర్టులో రాసిన లీష్మానియాసిస్సే, ఇసుక ఈగ కుడితే వచ్చే చర్మపు పుండు. మిగతాది తీరిగ్గా చెబుతాను.

మీ మరిది వెతికింది తప్పు కాదు, సగమే వెతికాడు. సీడీ అనేది కణాల ఒంటి మీద ఉండే గుర్తులకు ఇచ్చిన వరస నంబర్ల ముందు పెట్టే అక్షరాలు. అందులో సీడీ1ఏ అన్న గుర్తు మామూలుగా మన చర్మం పై పొరలో కాపలా కాసే లాంగర్‌హాన్స్ కణాల మీద ఉంటుంది, మీకూ నాకూ అందరికీ ఉంటుంది. ఆ కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చేదే ఫోన్లో కనిపించిన జబ్బు, అది అరుదు. ఆ జబ్బును పట్టుకోవడానికి మా ల్యాబుల్లో ఈ సీడీ1ఏ రంగు పరీక్షను చాలా ఏళ్లుగా వాడుతున్నాం కాబట్టి ఇంటర్నెట్‌లో ఆ పేరే ముందు వస్తుంది. అయితే గత పది పన్నెండేళ్లుగా మాకు ఇంకో సంగతి తెలిసింది. ఇదే రంగు లీష్మానియా అనే పరాన్నజీవికి కూడా పడుతుంది. అది మన కణం కాదు, మన గుర్తు దాని మీద ఉండాల్సిన పనీ లేదు, అయినా పడుతుంది. ఎందుకు పడుతుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది. ఈ రంగు పరీక్షలో వాడే యాంటీబాడీ పరాన్నజీవిలోని వేరే ప్రోటీన్‌ను సీడీ1ఏ అని పొరబడుతోందని కొందరు, మన కణం నుంచే అది ఆ గుర్తును ఒంటికి పూసుకుంటోందని కొందరు అంటున్నారు. ఏదైతేనేం, రోగ నిర్ధారణకు మాకు పనికొస్తోంది.

ఖాకీ చొక్కా కనబడగానే పోలీసు అనుకుంటామా? ఆటో డ్రైవరూ వేసుకుంటాడు, ఆర్టీసీ డ్రైవరూ వేసుకుంటాడు. ఎక్కడ నిలబడ్డాడో, చేతిలో ఏముందో చూసి కదా చెబుతాం. స్లైడు మీదా అంతే. లాంగర్‌హాన్స్ జబ్బులో కణం మొత్తం, దాని అంచు పొడుగునా గోధుమ రంగులోకి వస్తుంది, ఆ కణాల కేంద్రకాలకు కాఫీ గింజకు ఉన్నట్టు నడుమ గాడి ఉంటుంది, అవి గుంపులు గుంపులుగా ఉంటాయి. మీ ఆయన రిపోర్టులో ఏం రాశారో ఇంకోసారి చూడండి, నాలుగో వరసలో ఉంది: ‘హిస్టియోసైట్ల లోపల అతి చిన్న చుక్కలకు రంగు పడింది’ అని. హిస్టియోసైట్లంటే క్రిముల్ని మింగే మన ఒంటి కణాలు. రంగు పడింది కణానికి కాదు, కణం కడుపులో దూరి కూర్చున్న చుక్కలకు. ఆ చుక్కలే పరాన్నజీవులు. ఒక్కోటి 2 నుంచి 4 మైక్రాన్లు, అంటే మన ఎర్ర రక్తకణంలో సగం ఉంటే ఎక్కువ. అదే స్లైడులో పైపొరలోని మామూలు లాంగర్‌హాన్స్ కణాలకు కూడా రంగు పడిందని రాశారు, అది పరీక్ష సరిగ్గా జరిగిందనడానికి సాక్ష్యం, జబ్బు కాదు. ఎవరికైనా ఇంకా అనుమానం ఉంటే లాంగెరిన్, ఎస్100 అని మరో రెండు రంగులున్నాయి, లాంగర్‌హాన్స్ జబ్బులో ఆ రెండూ ఆ కణాలకే పడతాయి. మీ విషయంలో ఆ ఖర్చు అవసరం అని నాకు అనిపించడం లేదు.

ఇంత తిరుగుడు ఎందుకు, సూక్ష్మదర్శినిలో నేరుగా చూసి చెప్పలేరా అని మీరు అడగొచ్చు. చాలాసార్లు చెబుతాం. పుండు కొత్తగా ఉన్నప్పుడు, మొదటి రెండు మూడు నెలల్లో, పరాన్నజీవులు లక్షల్లో ఉంటాయి. మామూలు హెచ్ అండ్ ఈ రంగులోనే కణం లోపలి సంచి అంచు చుట్టూ వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి, పాత సినిమా హాళ్ల బోర్డు చుట్టూ బల్బులు పెట్టేవారు చూడండి, అలాగ. ఇంగ్లిషులో దాన్ని మార్కీ సైన్ అనే పిలుస్తారు, ఆ బోర్డు పేరుతోనే. జీమ్సా రంగు వేస్తే ప్రతి చుక్కలో ఇంకో రెండు చుక్కలు తేలతాయి, గుండ్రటి కేంద్రకం ఒకటి, దాని పక్కన చిన్న పుల్ల ముక్కలా కైనెటోప్లాస్ట్ ఒకటి. ఈ రెండో దాన్ని చూశామంటే ఇక వాదన లేదు. కానీ పుండు ముదిరే కొద్దీ మన ఒంటి కణాలు వాటిని తినేస్తాయి, ఆరు నెలలు దాటాక స్లైడంతా వెతికితే నాలుగో ఐదో దొరుకుతాయి, అవీ చితికిపోయి. వాటి చుట్టూ చచ్చిన కణాల తుక్కు కూడా అదే సైజులో, అదే నీలి రంగులో ఉంటుంది. బయాప్సీ ముక్క మీద జీమ్సా వేసి అరగంట తదేకంగా చూసి, ఉందో లేదో చెప్పలేక స్లైడు పక్కన పెట్టేసిన రోజులు నాకూ ఉన్నాయి. అలాంటప్పుడు సీడీ1ఏ వేస్తే తుక్కుకు రంగు పడదు, పరాన్నజీవికి పడుతుంది. మేకపెంటికల మధ్య మిరియాలు ఏరడం ఎంత కష్టమో, మిరియాలకు మాత్రం ఎవరో పసుపు పూసి పెడితే ఎంత సులువో ఊహించుకోండి.

ఇదే పోలికతో వచ్చే జబ్బులు ఇంకొన్ని ఉన్నాయి కాబట్టి మీ ఆయన ముక్క మీద చాలా రంగులే వేశారు. చర్మపు టీబీ, కుష్ఠు కోసం యాసిడ్ ఫాస్ట్ రంగులు, ఫంగస్ కోసం పీఏఎస్. హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా ఇదే సైజులో, ఇలాగే కణం లోపల కూర్చుంటుంది, మమ్మల్ని బాగా ముంచేది అదే, కానీ దానికి పీఏఎస్ రంగూ వెండి రంగూ పడతాయి, లీష్మానియాకు పడవు. అవన్నీ నెగెటివ్, సీడీ1ఏ చుక్కల్లో పాజిటివ్, మనిషి అల్ అహ్సా నుంచి వచ్చాడు, పుండ్లు బట్ట కప్పని చోట ఉన్నాయి, నొప్పి లేదు. ఇవన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే మీ డాక్టరు గారు సరిగ్గానే పట్టుకున్నారు.

అల్ అహ్సా పేరు చూడగానే నాకు సగం అర్థమైందని చెప్పాలి. సౌదీలో ఈ పుండుకు పేరుమోసిన తావుల్లో అదొకటి, అల్ ఖసీం మరొకటి. ఎడారి అంచున ఉప్పు పొదల కింద బొరియలు తవ్వుకుని బతికే లావుపాటి ఇసుక ఎలుకలుంటాయి, లీష్మానియా మేజర్ అనే రకం వాటిలో కాపురం ఉంటుంది. ఎలుకను కుట్టిన ఇసుక ఈగ మనిషిని కుడితే మనిషికి వస్తుంది. ఇసుక ఈగ దోమ కంటే చాలా చిన్నది, 2 నుంచి 3 మిల్లీమీటర్లు, చప్పుడు చేయదు, చీకటి పడ్డాక బయటికి వస్తుంది, ఎక్కువ ఎత్తుకు ఎగరలేదు. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. తోట పనివాళ్లు వేడికి బయట, నేల మీద చాప వేసుకుని పడుకుంటారు కదా, సరిగ్గా దానికి కావలసింది అదే. కుట్టిన కొన్ని వారాలకు, ఒక్కోసారి నెలలకు చిన్న పొక్కు లేచి, పుండై, అంచులు గట్టులా లేచి, నడుమ పల్లంగా తయారవుతుంది. ఎండాకాలం కుట్టింది చలికాలానికి బయటపడింది, సంక్రాంతికి మీ ఇంటికి వచ్చింది.

మనిషి నుంచి మనిషికి తాకితే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. ఈ రకం లోపలి అవయవాల జోలికి మామూలుగా పోదు. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే మానుతుంది కూడా, మచ్చ మాత్రం జీవితాంతం ఉండిపోతుంది. అలాగని ఊరికే కూర్చోమని కాదు. మూడు పుండ్లున్నాయి, ఎక్కడున్నాయి, ఎంత పెద్దవి అన్నది చూసి పుండు అంచులోకే యాంటిమొనీ ఇంజెక్షన్ ఇవ్వడమో, అతి చల్లదనంతో పుండును గడ్డకట్టించడమో, వేడి పెట్టడమో, మాత్రలివ్వడమో మీ చర్మం డాక్టరు గారు నిర్ణయిస్తారు. 2002లో సౌదీలోనే చేసిన ఒక పెద్ద పరిశోధనలో, ఇదే మేజర్ రకానికి ఫ్లుకొనజోల్ మాత్రలు ఆరు వారాలు వాడినవాళ్లకు వాడనివాళ్ల కంటే బాగా ముందే మానింది. ఫంగస్ మాత్రే కదా అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోకండి, లివర్ చూసుకుని ఇవ్వాల్సిన మందు అది. వేపాకు నూరి కట్టడం, నాటు పసరు పోయడం లాంటివి చేస్తుంటే ఇప్పటికైనా ఆపండి, పైన వేరే బ్యాక్టీరియా చేరిందంటే మచ్చ ఇంకా పెద్దదవుతుంది.

ఒక్క మాట అడగనివ్వండి. ఆర్‌ఎంపీ దగ్గర గానీ ఆ తర్వాత గానీ, ఈయన సౌదీలో తోట పని చేశారని మొదటి రోజే మీరెవరైనా చెప్పారా? గల్ఫ్ అంటే తాగి తిరిగాడంటారేమోనని, ఇంకేదో జబ్బు అంటగడతారేమోనని చాలా ఇళ్లలో దాచేస్తారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి ఎంతమంది ఎడారికి పోయి వచ్చారో లెక్క ఉందా? ఈ పుండు మన దగ్గర సాధారణంగా చూసే జబ్బు కాదు కాబట్టి, ఎక్కడ ఉండి వచ్చారో చెప్పకపోతే పాపం ఏ డాక్టరుకైనా తట్టదు. నాకూ తట్టదు, సీడీ1ఏ వేయాలన్న ఆలోచనే రాదు.

ప్రశ్న: నమస్తే సర్. నేను పాథాలజీ పీజీ రెండో సంవత్సరం. రాజస్థాన్ బికనీర్ నుంచి వచ్చిన ఒక కుర్రాడి ముఖం మీద పుండు, అంచు గీకి తీసిన స్మియర్‌లో నాకు ఎల్‌డీ బాడీలు (కణాల లోపలి లీష్మానియా పరాన్నజీవులు) స్పష్టంగా కనిపించాయి, మా మేడమ్ కూడా ఒప్పుకున్నారు. కానీ బయాప్సీలో సీడీ1ఏ నెగెటివ్. ఇప్పుడు ఏది నమ్మాలి? కాలేజీలో టెన్షన్‌గా ఉంది, కేసు ప్రెజెంట్ చేయాలి.
– ఒక పీజీ విద్యార్థి, కర్నూలు

జవాబు: నీ కళ్లను నమ్ము. కైనెటోప్లాస్ట్ కనిపించిన స్మియర్‌ను ఏ మార్కరూ కొట్టేయలేదు. సీడీ1ఏ అనేది కనపడనప్పుడు వెతకడానికి సాయం, కనపడ్డదాన్ని కాదనడానికి కాదు.

బికనీర్ అనగానే ఎలాగూ అనుమానం బలపడుతుంది. మన దేశంలో చర్మపు లీష్మానియాకు పాతకాలం నుంచీ పేరున్న చోటు అదే, అక్కడ తిరిగేది లీష్మానియా ట్రోపికా. ఈ మధ్య హిమాచల్‌లో సట్లెజ్ లోయ వైపు, కేరళలో తిరువనంతపురం వైపు అడవి పల్లెల్లో కూడా కేసులు బయటపడ్డాయి, అక్కడ విచిత్రంగా కాలా అజార్ (లోపలి అవయవాలకు పట్టే లీష్మానియా జ్వరం) తెచ్చే లీష్మానియా డోనొవానీయే చర్మం మీద పుండ్లు వేస్తోంది.

ఇక నీ నెగెటివ్ సంగతి. ముందు మీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని అడిగి ఆ యాంటీబాడీ సీసా మీద క్లోన్ పేరు, అంటే అది ఏ రకం యాంటీబాడీయో, చదువు. ఇక్కడే అసలు కిటుకు. అన్ని సీడీ1ఏ యాంటీబాడీలూ ఒకటి కాదు. ఎంటీబీ1 అనే క్లోన్ పరాన్నజీవికి బాగా పడుతుంది, చాలా ల్యాబుల్లో ఉండే ఓ10 క్లోన్ లాంగర్‌హాన్స్ కణాలకు చక్కగా పడి లీష్మానియాను మాత్రం వదిలేయగలదు. మీ దగ్గర పైపొర కణాలకు రంగు పడింది కాబట్టి కంట్రోల్ పాసైందని సంతోషపడి ఉంటారు, కానీ ఆ కంట్రోల్ లాంగర్‌హాన్స్ కణానికే తప్ప పరాన్నజీవికి కాదు. ముందే ఖాయమైన లీష్మానియా కేసు బ్లాకు (మైనంలో దాచిన ముక్క) ఒకటి మీ డిపార్ట్‌మెంట్ బీరువాలో దాచుకుని ప్రతిసారీ పక్కన నడిపితే తప్ప నెగెటివ్‌కు విలువ లేదు. పరాన్నజీవి జాతి కూడా తేడా చేస్తుంది. మేజర్, ట్రోపికా లాంటి పాత ప్రపంచపు (ఆసియా, ఆఫ్రికా, యూరప్) రకాలకు ఈ రంగు బాగా పడుతుంది, దక్షిణ అమెరికా బ్రెజిలియెన్సిస్ లాంటి వాటికి తక్కువ. అందుకని ఎక్కడో ఒక దేశంలో రాసిన, ఎంతమందికి ఈ రంగు పడిందన్న శాతాలు తెచ్చి నీ ప్రెజెంటేషన్ స్లైడుల్లో పెట్టకు, మీ గైడు ఒప్పుకున్నా నేనొప్పుకోను.

పుండు వయసెంత? ముక్క ఎక్కడ తీశారు? నడి పుండులో పంచ్ దించితే వచ్చేది కుళ్లిన తుక్కే, లేచిన అంచు నుంచి తీయాలి. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో పడేసే ముందు కోసిన వైపు స్లైడు మీద రెండుసార్లు అద్ది ఉంచుకో, ఆ అద్దకం స్లైడుకు జీమ్సా వేస్తే బయాప్సీ కంటే ముందే జవాబు చేతికి వస్తుంది, ఖర్చు పదో ఇరవయ్యో. కాస్త ముక్క ఫార్మలిన్ తగలకుండా పీసీఆర్‌కు, అంటే డీఎన్ఏను పట్టే పరీక్షకు, దాచు. కైనెటోప్లాస్ట్‌లో చిన్న డీఎన్ఏ వలయాలు వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి దాన్ని పట్టే పీసీఆర్‌కు నలుసంత పరాన్నజీవి చాలు, ఐటీఎస్1 పీసీఆర్ అయితే జాతి పేరు కూడా చెబుతుంది. మార్కర్ ఎంత గోధుమ రంగు తేలినా జాతి పేరు చెప్పదు, మందు ఎంచుకోవడానికి కావలసింది అదే. సీడీ68 వేసి పాజిటివ్ వచ్చిందని ప్రెజెంటేషన్లో పెట్టావనుకో, ఎవరో ఒకరు నవ్వుతారు. అది మాక్రోఫేజ్ (క్రిముల్ని మింగే కణం) అని చెబుతుంది, దాని కడుపులో ఎవరున్నారో చెప్పదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో బిల్డింగ్ సైట్ సూపర్‌వైజర్‌ని. బీహార్ ముజఫర్‌పూర్ నుంచి వచ్చిన మేస్త్రీ కుర్రాడికి ముఖం, ఛాతీ మీద తెల్ల మచ్చలు, గడ్డం మీద చిన్న గడ్డలు. కుష్ఠు అని మిగతావాళ్లు రూములో పడుకోనివ్వడం లేదు. రెండేళ్ల కింద వాళ్లూళ్లో కాలా అజార్‌కు మందు వాడాడట. రక్త పరీక్ష చేయిస్తే సరిపోతుందా?

జవాబు: ఆ రెండేళ్ల కిందటి ముక్క మీరు రాయడం మంచిదైంది, జవాబు అందులోనే ఉండొచ్చు. కాలా అజార్ తగ్గిన కొన్నేళ్లకు కొందరికి అదే పరాన్నజీవి చర్మంలో మిగిలి తెల్ల మచ్చలుగా, తర్వాత గడ్డలుగా తేలుతుంది. పీకేడీఎల్ అంటారు. కుష్ఠు మచ్చ మీద దూది రాస్తే స్పర్శ తెలియకపోవచ్చు, దీనిలో బాగానే తెలుస్తుంది, నరాలు ఉబ్బవు. ఇది చూపుకు దొరికే తేడా మాత్రమే, ముక్క పరీక్ష లేకుండా తేల్చొద్దు. ముక్క తీసేటప్పుడు గడ్డ నుంచి తీయమనండి, తెల్ల మచ్చలో పరాన్నజీవులు చాలా తక్కువ ఉండి స్లైడు ఖాళీగా కనిపిస్తుంది, మచ్చలు మాత్రమే ఉన్నవాళ్లకు పీసీఆర్ అవసరమవుతుంది.

ఆర్‌కే39 అనే పట్టీ రక్త పరీక్ష ఒకసారి కాలా అజార్ వచ్చిపోయినవాళ్లకు ఏళ్లపాటు పాజిటివ్‌గానే ఉంటుంది, కాబట్టి ఈ కుర్రాడికి దానితో తేలదు. చర్మం ఓపీ ఉన్న ప్రభుత్వ పెద్దాసుపత్రికి పంపండి, ముజఫర్‌పూర్, కాలా అజార్ అనే రెండు మాటలు చీటీ మీద రాసి పంపండి. మందు 12 వారాలు వాడాలి, మధ్యలో సైటు మారితే మానేస్తాడు, అది మీరు చూసుకోవాలి. రూములో పక్కన పడుకుంటే రాదని మిగతావాళ్లకు మీరే చెప్పండి, సూపర్‌వైజర్ చెబితే వింటారు.

ప్రశ్న: ఎల్‌డీ బాడీలు అని డాక్టర్లు అంటుంటారు. ఎల్ ఎవరు, డీ ఎవరు? మన మద్రాసుకు సంబంధం ఉందని ఎక్కడో విన్నాను.
– ఒక రిటైర్డ్ టీచరు, నెల్లూరు

జవాబు: ఉంది మాస్టారూ. ఎల్ అంటే విలియం లీష్మన్, కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఉండి జ్వరంతో ఇంగ్లండు చేరి చనిపోయిన సిపాయి ప్లీహంలో ఈ చుక్కలు చూసి 1903 మేలో అచ్చువేయించాడు. డీ అంటే చార్లెస్ డోనొవన్, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో పనిచేసేవాడు, ఆయన విడిగా చూసి ఆ జులైలో రాశాడు. ముందెవరు అన్న గొడవ రాకుండా రోనాల్డ్ రాస్, మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పట్టుకున్న ఆయనే, ఇద్దరి పేర్లూ కలిపి లీష్మానియా డోనొవానీ అని పెట్టాడు. మరీ ముందుకు వెళితే 1885లోనే కలకత్తాలో కనింగ్‌హామ్ ఢిల్లీ పుండులో (చర్మపు లీష్మానియాకు పాత పేరు) ఈ చుక్కల్ని చూశాడు, 1898లో తాష్కెంట్‌లో బొరోవ్‌స్కీ చూసి రష్యన్‌లో రాశాడు, ఎవరూ చదవలేదు. ఆ రోజుల్లో సీడీ1ఏ లేదు, పీసీఆర్ లేదు, ఇత్తడి మైక్రోస్కోపూ రంగు సీసాలూ ఉండేవి.